ముందుగా వచ్చిన సిలిండరు

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టే ఏకాంబరం సిలిండరు తోసుకుని రాగానే, కన్యకాంబ కూతురు దేవసేన మంచానికి అడ్డం నిలబడింది.

"అది పోయేవాళ్ళకు పెట్టేది. నా బిడ్డకొద్దు."

"పాపకు ఊపిరి అందడం లేదక్కా. జరుగు."

"పోయినేడు మా పెద్దోడికీ ఇట్లే మూతికి తగిలించినారు. తెల్లారేసరికి పిల్లోడు లేడు."

"వానికి ఎప్పుడు పెట్టినారు?"

"కడాకు. ఇంక ఆశ లేదన్నాక. పెట్టేదే అప్పుడు గదా."

"కాదక్కా. ఊపిరి తగ్గతానే పెట్టాల. అందుకే ఇప్పుడే తెచ్చినా."

కన్యకాంబ సిలిండరు వంక చూసింది. "అయితే మా పెద్దోడికీ ముందే పెట్టుంటే..."

ఏకాంబరం సిలిండరు మీట తిప్పాడు. మాస్కు ఆమె చేతికిచ్చి, "పాప మూతికి వదలకుండా పట్టుకో" అన్నాడు.

ఎగశ్వాస తగ్గి దేవసేన రొమ్ము నెమ్మదిగా లేచి దిగుతూంటే, కన్యకాంబ మాస్కు వదలకుండానే పెద్దవాడి కోసం ఏడ్చింది.