గ్లాసు వాసన

అధికారి పదకొండింటికి వస్తారన్నారు. పదింపావుకే గేటు దగ్గర కారు ఆగింది.

ఈ ఒక్క పాఠం ఆయనకు నచ్చితేనే టీచరు ఉద్యోగం ఖాయం. లేకపోతే ఈ నెలతో ఆఖరు.

అధికారి ముందు మెరవాలని గాజు గ్లాసులన్నీ అప్పటికే సబ్బు నురగలో ముంచి ఉంచింది. తీరా కడగబోతే కుళాయిలో నీళ్లు రాలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు. సీసాలో ఉన్న నీళ్లు ప్రయోగానికే చాలీచాలవు. గుడ్డతో తుడిచేసి ఊరుకుంది.

బల్ల మీద పాత నోటుపుస్తకం తెరిచింది. రెండేళ్ల కిందట బడి బీరువా అడుగున దొరికింది. రాసినవాళ్ల పేరు లేదు. ప్రతి ప్రయోగం కింద చిన్న నీటిబొట్టు బొమ్మ మాత్రం ఉంటుంది. ఆమెకు పాఠం చెప్పడం నేర్పింది ఆ పుస్తకమే. రాసినవాళ్లు కనబడితే కాళ్లకు దండం పెట్టాలని ఎన్నిసార్లు అనుకుందో.

వెనక బెంచీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఎవరి నాయనమ్మో అనుకుంది టీచరు.

ఆవిడ మెల్లగా లేచి వచ్చి, ఒక గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"సబ్బు వాసన వస్తోందమ్మా."

"పెద్దమ్మగారూ, మీకు పుణ్యముంటుంది. బయట కూర్చోండి."

"అది కాదు తల్లీ, నూనె..."

"ఇప్పుడు కాదండీ. నా బతుకు దీని మీదుంది."

ఆవిడ చేతికర్ర తీసుకుని వెళ్లిపోయింది.

అధికారి వచ్చి కూర్చున్నారు. పిల్లలు గ్లాసుల్లో నీళ్లు పోశారు, నూనె పోశారు, చెంచాలతో గిరగిరా తిప్పారు.

"చూస్తూ ఉండండి. నూనె పైకి తేలుతుంది," అంది టీచరు.

తేలలేదు. గ్లాసులన్నీ పాలలా తెల్లబడ్డాయి.

"టీచర్, మా నూనె ఏమైపోయింది?"

"మాది కూడా లేదు టీచర్."

"ఎందుకు విడిపోలేదో చెప్పండమ్మా," అన్నారు అధికారి.

టీచరు గబగబా నోటుపుస్తకం పేజీలు తిప్పింది. ఏడుపొక్కటే తక్కువ. ఆయన ఫైల్లో ఒక ముక్క రాసుకుని లేచారు.

ఆయన వెళ్లాక తట్టింది. జిడ్డు గిన్నెలో సబ్బు వేస్తే జరిగేది ఇదే. ఇంట్లో రోజూ తోముతూనే ఉంది. ముసలావిడ చెప్పబోయింది ఇదే.

గేటు దాకా పరుగెత్తింది.

"ఇప్పుడే బస్సెక్కిందమ్మా," అన్నాడు వాచ్‌మన్. "మీకిమ్మని చీటీ రాసిచ్చింది."

'గ్లాసులు మంచినీళ్లతో కడిగి మళ్లీ చేయించు తల్లీ. భయపడకు. పిల్లలకు నువ్వంటే ఇష్టం, అది చాలు.'

చీటీ కింద పేరు లేదు, సంతకం ఉండాల్సిన చోట చిన్న నీటిబొట్టు బొమ్మ ఉంది.