గుట్ట మీద చోటు లేదు

“ఇక్కడ వద్దు” అంది ఫ్లోరెన్స్.

సుకుమార్ భుజాన సంచి ఇంకా దించనే లేదు. వాగు ఒడ్డున చదునైన నేల. చుట్టూ మద్దిచెట్లు. గుడారాలన్నీ వేసినా పిల్లలు ఆడుకోవడానికి బోలెడు చోటు మిగులుతుంది.

“ఎందుకు వద్దు?”

“దోమలు. మా దవాఖానాకు జ్వరాలతో వచ్చేటోళ్లు సగం మంది ఇట్లాంటి వాగుల పక్కనుంచే వస్తరు. రేపు పిల్లలకు మలేరియా వస్తే తల్లిదండ్రులకు ఏం చెప్తరు మీరు?”

ఫ్లోరెన్స్ అతని భార్య, నర్సు. ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం. సుకుమార్ పళ్లు కొరుక్కుని ముందుకు నడిచాడు.

అతను భద్రాచలంలో మోటారు మెకానిక్. చర్చి యువజన సంఘానికి నాయకుడు. పిల్లలను అడవిలో క్యాంపుకు తీసుకెళ్లాలని ఎన్నాళ్లుగానో ఆశ. ఏటా ఏదో ఒకటి అడ్డుపడేది. చివరికి చర్చి ఆవరణలోనే షామియానా వేసి కానిచ్చేవారు. 2007 మార్చిలో ఎట్టకేలకు పాస్టరుగారు ఒప్పుకున్నారు. ఒకటే షరతు, ఆదివారం ఆరాధన మొదలయ్యేలోపు చోటు ఖాయం కావాలి. ఇవాళ శనివారం. కొత్తగూడెం నుంచి గుడారాలు కూడా కిరాయికి మాట్లాడి ఉంచాడు.

చర్ల రోడ్డులో ఉన్న ఈ గుట్టను ఎంచుకున్నది అతనే. “వేరే గుట్ట చూడరాదా?” అని ఫ్లోరెన్స్ వారం నుంచి అంటూనే ఉంది. అతను వినలేదు. “అయితే నేనూ వస్త. జంపయ్యను తోడు తీసుకుందాం” అంది చివరికి. జంపయ్యది గుట్ట కింది ఊరు. ఆమె పనిచేసే దవాఖానాకు వస్తూ పోతూ ఉండే మనిషి.

ఆ జంపయ్య ఇప్పుడు ముందు నడుస్తున్నాడు. నాలుగడుగులకోసారి చప్పట్లు కొడుతున్నాడు. కోయభాషలో గట్టిగా కేకలు వేస్తున్నాడు.

“ఏందయ్యా గట్ల మొత్తుకుంటున్నవ్?” విసుక్కున్నాడు సుకుమార్.

“ఇప్పపూలు రాలే కాలం సార్. ఎలుగులు తిరుగుతయి. మన సప్పుడు ఇంటే పక్కకు పోతయి.”

సగం గుట్ట ఎక్కాక విశాలమైన బండ వచ్చింది. అక్కడి నుంచి చూస్తే దూరంగా గోదావరి ఎండకు మెరుస్తోంది. ఆ ఎత్తుకు సెల్‌ఫోన్ సిగ్నల్ కూడా అందింది. వెంటనే సంఘం కుర్రాడు మార్కు ఫోన్ చేశాడు.

“అన్నా, దొరికిందా? పిల్లలు పొద్దటి నుంచి నా పానం తీస్తున్నరు.”

“దొరికినట్టే తమ్మీ” అని సుకుమార్ భార్య వైపు చూశాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. “ఆడపిల్లలు స్నానానికి ఎటు పోతరు? నీళ్లు కింది నుంచి ఎవరు మోస్తరు? చీకట్ల ఎవరన్నా కాలు జారితే?”

సుకుమార్ ఫోన్ కట్ చేశాడు.

బండ వెనక సన్నటి కాలిబాట కనిపించింది. “అటు తోవ లేదు సార్” అన్నాడు జంపయ్య గబగబా. తోవ కళ్ల ముందే ఉంది. సుకుమార్ ఇక ఎవరి మాటా వినదలచుకోలేదు. కొమ్మలు తప్పించుకుంటూ ఒక్కడే చొరబడ్డాడు.

బాట చివర రాతి సందులోంచి ఊట కారుతోంది. కింద చిన్న మడుగు. ఎండ పొడ పడని చల్లటి నీడ. దోసిలి పట్టి తాగాడు. తను కలగన్న చోటు ఇదే. పక్కన మూడు రాళ్ల పొయ్యి, అందులో బూడిద.

“ఎవరో వండుకున్నట్టున్నరు” అన్నాడు.

“మేకలోళ్లయి ఉంటరు” అంది వెనకే వచ్చిన ఫ్లోరెన్స్. ఆయాసపడుతోంది.

“ఇదే ఖాయం. ఇంక మాట్లాడకు.”

“ఇక్కడ అస్సలు వద్దండి. ఎలుగులు నీళ్లకు ఇక్కడికే వస్తయి. మొన్ననే ఒకతని మొహం చీరేసింది. నేనే కుట్లేసిన.”

“అవ్నా జంపయ్యా?”

జంపయ్య ముందు ఫ్లోరెన్స్‌ను చూశాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, “అవ్ సార్. పిల్లల తల్లి. శానా కోపం దానికి” అన్నాడు.

సుకుమార్ సంచిని నేలకేసి కొట్టాడు.

“దోమలంటవ్, బండంటవ్, ఎలుగంటవ్! అసలు ఈ క్యాంపు కావద్దనే వచ్చినవ్ నువ్వు. సెలవొస్తే చాలు, మందుల డబ్బా పట్టుకొని ఊళ్లమీద పడతవ్. నెల నుంచి ఒక్క ఆదివారమన్నా ఇంట్ల ఉన్నవా? నేనేమన్న అన్ననా? నేనొక్క పని పెట్టుకుంటే మాత్రం ఓర్వలేవ్.”

ఫ్లోరెన్స్ కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఈ ఒక్కసారి నా మాట వినండి” అంది.

అతను వెనక్కి తిరిగి చూడకుండా గుట్ట దిగాడు. రోడ్డు పక్కన మామిడితోట ఉంది. బోరు ఉంది, కరెంటు ఉంది, లారీల మోత ఉంది. తోట యజమానితో మాట్లాడి ఖాయం చేసేశాడు. భద్రాచలం దగ్గర పడ్డాక ఆగి మార్కుకు ఫోన్ చేశాడు.

“తోటనా అన్నా?” మార్కు గొంతు దిగిపోయింది. “అడవి అని చెప్తివి కదా పిల్లలకు.”

సుకుమార్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ బండి స్టార్ట్ చేశాడు. వెనక కూర్చున్న ఫ్లోరెన్స్ అతని భుజం మీద చెయ్యి వేసింది. విదిలించుకున్నాడు.

అప్పటికే మళ్లీ గుట్టెక్కిన జంపయ్య ఊట దగ్గర నిలబడి “సిస్టరమ్మ వాళ్లను తీసుకుపోయింది, ఇక రారు” అని కోయభాషలో కేకేయగానే, రాష్ట్ర సరిహద్దు అవతల తమ ఊళ్లను తగలబెడితే పారిపోయి వచ్చి, కనబడిన చోటల్లా ఎవరో ఒకరు తరిమేస్తుంటే నెల నుంచి ఆ గుట్ట మీద దాక్కుని బతుకుతున్న తల్లులు, పసిపిల్లల నోళ్ల మీంచి చేతులు తీసి, ఒక్కొక్కరుగా చెట్ల చాటు నుంచి బయటికి వచ్చారు.