ఐసు తాగిన వేడి

"అవ్వా, లేటెంట్ హీట్ నాకు వచ్చేసింది!"

భానుశ్రీ స్కూలు బ్యాగు సోఫాలో పడేసింది.

సరోజమ్మ చేతిలోని పుస్తకం మూసింది. మనవరాలికి ఆ పాఠం చెప్పాలనే కోఠీ నుంచి తెలుగు మీడియం సైన్సు పుస్తకం తెప్పించుకుని, వారం రోజులుగా కూడబలుక్కుని చదువుతోంది.

"ఎవరు చెప్పినారు?"

"పోచమ్మ ఆంటీ. మన కాలనీ గేటు బయట చెరకురసం బండి ఆమె. ఐసు చల్లదనం ఇవ్వదంట అవ్వా, పక్కనున్న వేడిని లాగేసుకుంటుందంట. కరిగిపోయేదాకా లాగుతూనే ఉంటుంది, తను మాత్రం వేడెక్కదు. థర్మామీటర్ పెట్టి చూశాం, సున్నా దగ్గరే ఉంది!"

సరోజమ్మ పుస్తకాన్ని పక్కకు నెట్టేసింది.

"చదువురాని ఆయమ్మ దగ్గర నేర్చుకోవాల్నా? నన్ను అడగకూడదా?"

"నువ్వు చెప్తే నిద్రొస్తుంది అవ్వా!"

వచ్చే ఏడు హాస్టల్‌కు పోయే పిల్ల. మిగిలిన ఈ కాసిని సాయంత్రాలూ ఆ బండికేనా?

నిరుడు మే నెలలో వడదెబ్బకు గేటు దగ్గర పడిపోయినప్పటి నుంచి సరోజమ్మ ఒంటరిగా గడప దాటలేదు. స్పృహ వచ్చేసరికి ఆసుపత్రి. ఎవరో మెడ కింద, చంకల్లో ఐసు పెట్టబట్టే బతికావని చెప్పారక్కడ. కార్లో పోతూ ఆగిన ఏ పెద్ద డాక్టరో అయ్యుంటాడని, ఆయన పేరున రోజూ దీపం పెడుతోంది.

అలాంటిది, మర్నాడు ఒక్కతే కాలనీ అసోసియేషన్ ఆఫీసుకు నడిచింది.

"ఆ బండి నిండా ఈగలు. పిల్లలకు జబ్బులొస్తాయి. తీయించండి."

ఆ ఈగలు ఆమె చూసినవి కావు.

నాలుగో రోజు బండి కదులుతోందని తెలిసి, కళ్లారా చూద్దామని గేటు దాకా వెళ్లింది.

గ్లాసులు గోనెసంచిలో సర్దుతున్న పోచమ్మ తలెత్తి నవ్వింది.

"బాగున్నవా అమ్మా? మళ్ల కనపడనే లేదు."

బేరానికి అందరినీ ఇట్లాగే పలకరిస్తుంది కాబోలు అనుకుంది సరోజమ్మ.

"యాడికి పోతాండావు?"

"మూసాపేటకు. ఎవరో కంప్లైంట్ ఇచ్చిన్రంట. భాను అని ఓ పిల్ల వస్తది సాయంత్రం. నేను పోయిన్నని జర చెప్తవా?"

"చెప్తాను."

గబగబా వెనుదిరిగింది.

"జర నీడపట్టున పో అమ్మా!" వెనక నుంచి పోచమ్మ కేకేసింది. "నిరుటి లెక్క మళ్ల పడిపోతే, చంకల పెట్టనీకి ఈడ నా ఐసు ఉండదు."