నలభై కౌంట్

"నలభయ్యా! తొమ్మిది వందల ఇరవై నుంచి నలభైకి దిగిందా!" దొరబాబు కుర్చీలోంచి లేచిపోయాడు.

భీమవరంలోని ఆ రక్తపరీక్షల సెంటర్లో సత్యశ్రీ చేరి పది రోజులే అయింది. ఏడవాల్సిన చోట నవ్వుతున్న ఈ రొయ్యల రైతును చూసి కంగారుపడింది. అతని పదిహేనేళ్ళ కూతురికి ఎదుగుదల హార్మోన్ ఎంత పనిచేస్తోందో చెప్పే పరీక్ష అది. పూర్తి రిపోర్టు సాయంత్రానికి గానీ రాదు. హైదరాబాద్ ల్యాబ్ నుంచి ఫోన్‌కి అంకె మాత్రం వచ్చింది.

"దొరబాబుగారూ, ఇది రొయ్యల కౌంట్ కాదండి. కిలోకి వంద తూగే రొయ్య నలభైకి దిగితే పెరిగినట్టు. ఇక్కడ అంకె తగ్గితే ఎదుగుదల తగ్గినట్టండి."

"తెలుసులేమ్మా," అన్నాడు, ఇంకా నవ్వుతూనే.

ఆమె మనసు చివుక్కుమంది. క్లాసులో బెంచీ సరిపోదని, బజార్లో చెప్పులు దొరకవని, పిల్లలు వెక్కిరిస్తే బడి మానేసిందని ఇందాకే చెప్పాడు. ఆపరేషన్ జరిగి ఆర్నెల్లయింది. రెండోసారి చేయాలో వద్దో ఈ అంకె చూసే చెబుతానన్నారట డాక్టరుగారు. ఇంటికెళ్ళి రక్తం తీసుకొచ్చిన సాల్మన్ అయితే, "ఆ పిల్లని చూసి తీరాలండి," అని ఊరుకున్నాడు.

ఉన్నట్టుండి ఆమెకు అనుమానం వచ్చింది.

"ఆగండాగండి. పాత అంకె పక్కన ఏం రాసుకున్నారు?"

అతను మేత లెక్కల పుస్తకం తెరిచాడు. "మిల్లీలీటరుకి నానోగ్రాములు."

ఆమె ఫోన్‌లో మెసేజీ మళ్ళీ చూసింది. "ఇది లీటరుకి నానోమోల్స్. ల్యాబ్ మారింది, కొలత మారింది. మీరు రొయ్యని కిలోకి లెక్కేస్తే, ఎగుమతివాళ్ళు పౌనుకి లెక్కేస్తారు కదండీ? అలాగే."

దొరబాబు మొహం పాలిపోయింది. "అయితే... తగ్గలేదా?"

"ఉండండి, కడతాను."

గోడమీది పట్టికలో ఏడు పాయింట్ ఆరు అయిదుతో హెచ్చించమని ఉంది. ఆమె క్యాలిక్యులేటర్ నొక్కుతుంటే అతను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"మూడు వందల ఆరండి," అంది గొంతు తగ్గించి.

"మూడో వంతుకొచ్చింది," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "తలలో శనగగింజంత గ్రంథి అంటమ్మా. అంతుంటుంది, ఇంత చేస్తుంది! ఇంక కత్తి అక్కర్లేదు."

పాపం, బాధతో ఏదో మాట్లాడుతున్నాడనుకుంది. "ధైర్యంగా ఉండండి. నిదానంగా ఎదుగుతుంది. పాప రాలేదాండి?"

"మేత వ్యాన్లో పడుకునుందమ్మా. జనం చూస్తారని దిగదు."

"పిలవండి, చాక్లెట్ ఇస్తాను."

"అమ్మా దుర్గా! ఒకసారి రా!"

సత్యశ్రీ చాక్లెట్ పట్టుకుని, బల్ల ఎత్తున చూపు నిలిపి, గుమ్మంకేసి నవ్వింది. లోపలికొచ్చే వెలుతురు ఒక్కసారిగా ఆగిపోయింది.

ఏడడుగుల సాయిదుర్గ నడుం వంచి గుమ్మం దాటింది.