వరస కలిపి

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. ధనరాజు, అతని తల్లి జ్ఞానమ్మ, భార్య రెబెకా, బందరు నుంచి ప్రశ్నల కాగితం పట్టుకొచ్చిన వినీల.

వినీల ఎమ్మే సోషియాలజీ చదువుతోంది. ఇంట్లో ఆడవాళ్ళ మీద జరిగే హింస గురించి ఒక ఇంటి సర్వే సోమవారానికల్లా ఇవ్వాలి. చల్లపల్లిలో రెండిళ్ళవాళ్ళు ఆ మాట ఎత్తగానే ముఖాన తలుపు వేశారు. ఇక్కడ మాత్రం కుర్చీ వేశారు.

కాగితం పైన పాటించవలసిన నియమాలు అచ్చువేసి ఉన్నాయి. వరస కలిపి పిలిచి నమ్మకం సంపాదించాలి. చూసింది చూసినట్టు రాయాలి. ఏం జరిగినా కలగజేసుకోకూడదు. బంధువుల ఇల్లు ఎంచుకోకూడదు. ‘ఇంటివారితో బంధుత్వం’ అన్న గడిలో వినీల ‘లేదు’ అని ముందే నింపేసింది.

“వదినా, నెలకి ఎన్నిసార్లు కొడతాడు?”

రెబెకా నోరు తెరిచేలోపే ధనరాజు మంచం మీంచి లేచాడు. అతని చేతిలోని ఇత్తడి చెంబు ఆమె కనుబొమ్మ చీల్చింది. జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. సున్నం మీద ఎర్రటి మరక పడింది.

వినీల కుర్చీ వెనక్కి జరుపుకుని రాసింది: చెంబు, కుడి కనుబొమ్మ, గోడ, రెండుసార్లు.

“అదీ రాస్తున్నావా అమ్మాయ్?” అంది జ్ఞానమ్మ వక్క కొరుకుతూ. రెబెకా నోటి దురుసు గురించి కూడా రాయమంది.

“బెల్టెక్కడ పెట్టావే?” అంటూ ధనరాజు లోపలి గదిలోకి వెళ్ళాడు. పెట్టెలు కిందపడుతున్న చప్పుడు వినిపించింది.

రెబెకా పాకుతూ వచ్చి వినీల మోకాళ్ళు పట్టుకుంది. నాగాయలంక బస్సుకి వేళైందని, పుట్టింటికి పోతానని, సంచి తలుపు వెనకే ఉందని గబగబా చెప్పింది.

“ఒక్క నిమిషం అడ్డం నిలబడు. నువ్వయితే ఆగుతాడు.”

“కలగజేసుకుంటే మార్కులు పోతాయి వదినా. కావాలంటే చూడు.”

వినీల కాగితం చూపించింది. రెబెకా వేలు ఒక్కో గడి మీదుగా జరిగి, ‘లేదు’ దగ్గర ఆగింది. అక్కడ రక్తం అంటింది. ఆమె లేచి, సంచి తీసుకుని గడప దాటింది. ఆ ఇంటికి అదొక్కటే తలుపు.

“వదినా, ఆగు.” వినీల కుర్చీలోంచి లేచింది. వెనక బెల్టు నేల మీద ఈడ్చుకొస్తున్న చప్పుడు దగ్గరవుతోంది.

“కాగితం మీద లేకపోయినా నీ తోడబుట్టినవాడేగా, నువ్వే చూసుకో,” అని రెబెకా బయట గడియ పెట్టింది.