ఎర్ర గుర్తు పడిన ఇల్లు

"మళ్ళీ వచ్చావా తమ్ముడూ?" అంది గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని అమ్ముకునే ఆవిడ, తలుపు పూర్తిగా తీయకుండానే.

కరెంటాఫీసు ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకున్నాడు. అతని చెల్లెలి మొగుడే లైన్‌మాన్, వెనక నిచ్చెన దింపుతున్నాడు. ఆఫీసులో మీటరు లెక్కలు చూసే కొత్త మిషను ఈ ఇంటికి మళ్ళీ ఎర్ర గుర్తు పెట్టింది. ఎర్ర గుర్తంటే కరెంటు దొంగతనం.

మీటరు విప్పారు. స్తంభం నుంచి గుమ్మం దాకా తీగ తడిమి చూశారు. కిందటిసారి లాగానే ఎక్కడా అతుకు లేదు, గాటు లేదు.

"దొంగిలిస్తే బిల్లు తగ్గాలి గదా. వీధి మొత్తానికీ ఈవిడదే ఎక్కువ బిల్లు. ఇదేం దొంగతనం బావా?" అన్నాడు లైన్‌మాన్.

"నన్నడుగుతావేంటి? ఆ మిషన్నే అడుగు."

కొన్నాళ్ళుగా ఇదే గోల. ఏ గడప తొక్కినా తిట్లే తప్ప, దొరికిన దొంగ ఒక్కడూ లేడు.

లోపల గదిలో పెట్టె నిండా గుడ్లు, పైన బల్బుల వేడి. ఒకటి రెండు అప్పుడే బీటలు వారుతున్నాయి. కరెంటు తీస్తే అన్నీ చల్లబడి చచ్చిపోతాయని, ఈ విడత పోతే తన బతుకుతెరువే పోయినట్టని ఆవిడ చెప్పింది. ఏడవలేదు.

"మీ మిషను కంటే మా పుంజు నయం. తెల్లారిందో లేదో చూసి మరీ కూస్తుంది" అంది.

ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి, మిషను నడిపే ఇంజనీరమ్మాయి మీద మండిపడ్డాడు. ఆ అమ్మాయి నెమ్మదిగానే చెప్పింది. మిషనుకి దానంతట దానికి దొంగెవరో దొరెవరో తెలియదట. నిజాయితీగా వాడే ఇళ్ళు కొన్ని చూపిస్తే, వాటి పోలిక లేని ఇంటికల్లా ఎర్ర గుర్తు పెడుతుందట.

"ఆ ఇళ్ళు చూపించింది మీరే కదా సార్. మన స్టాఫ్ క్వార్టర్సు."

"చూపించాను. అయితే?"

"వాటిలో ఏమైనా తేడా ఉంటే చెప్పండి. గుర్తులన్నీ ఇప్పుడే తీసేస్తాను. లేదంటే రూలు ప్రకారం కట్ చెయ్యాల్సిందే."

పెట్టెలో ఏదో గుడ్డు లోపలి నుంచి టిక్కుటిక్కుమంటోంది.

"మా ఇళ్ళకేం, బంగారం" అని ఫోన్ పెట్టేశాడు. "ఎక్కు బావా."

బల్బులు ఆరిపోయాయి. ఆవిడ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి పెట్టె మీద కప్పసాగింది.

"మా చేతుల్లో ఏముందక్కా, అంతా ఆ మిషనే" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆవిడ అతని వైపు తిరగలేదు.

సాయంత్రం క్వార్టర్సుకి చేరేసరికి ఒళ్ళంతా చిరాకు. దిక్కుమాలిన మిషను జనం ఉసురు పోసుకుంటోందని భార్య దగ్గర తిట్టిపోశాడు. ఆమె మంచినీళ్ళిచ్చి, గది చల్లగా చేసి ఉంచానని, కాసేపు నడుం వాల్చమంది.

పొద్దుటి నుంచీ ఏసీ ఆడుతూనే ఉంది. గుమ్మం పక్క మీటరు మాత్రం కదల్లేదు.