మేడ మీద ఇంటర్వ్యూ

వికలాంగుల ఇంటర్వ్యూ మేడ మీద పెట్టారు.

భద్రాచలం అవతలి తండా నుంచి మొదటి బస్సుకు వచ్చిన ద్వాలి, చంకకర్ర ఆనించుకుని మెట్ల వంక చూసింది. మెట్లు కూడా ఆమె వంక చూశాయి.

"కిందనే పెట్టొచ్చు గద సార్?" అంది బంట్రోతుతో.

"కింద రూముల జాగ లేదమ్మా. కాళ్లు ఇరిగిన కుర్చీలున్నయ్."

వాటిని మేడ ఎక్కించడం కష్టమట.

పిలుపు వచ్చాక రాకపోతే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు కొట్టేస్తారు. కొట్టేస్తే మళ్లీ పేరు రాయించుకుని, వరస చివర నిలబడాలి. ఇంటర్ పాసై, పోలియో కాలితో ఏళ్ల తరబడి కార్డు రెన్యూవల్ చేయించుకుంటున్న ద్వాలికి ఇదే మొదటి పిలుపు. అటెండర్ పోస్టు. ఒక్కటే పోస్టు.

"నా భుజం పట్టుకో చెల్లె."

పక్కన నలభై ఏళ్ల మనిషి. తెల్లచొక్కా. కాళ్లూ చేతులూ కళ్లూ అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఒక మెట్టు ముందు నడుస్తూ ఆమెను ఎక్కించసాగాడు.

"నువ్వు ఈ ఆఫీసుల చేస్తవా అన్నా?"

"ఆ రైలింగు పట్టుకోకు, ఊగుతది," అన్నాడు వెనక్కి చూడకుండా.

"నీ పేరేందన్నా?"

"అయిపోయినయ్. ఇంక రెండే."

అడిగింది చెప్పడు, చెప్పేది అడగలేదు. ఇంట్లో మగవాళ్లందరూ అంతే కనుక ద్వాలి పెద్దగా పట్టించుకోలేదు.

పైన బల్ల మీద సవరమ్మ అనే ఆవిడ జరిగి చోటిచ్చింది. ఆమెకు ఎడమచెయ్యి లేదు. ఆ లోటు నోరు తీరుస్తుంది.

"ఎవరాయన? మీ అన్ననా?"

"కాదు. నాకు తెల్వదు."

"అన్నీ మంచిగున్నోనికి ఈడేం పని? బ్రోకరు. గిట్లాంటోళ్లను మస్తుమందిని చూసిన. ఆఖర్న చెయ్యి చాపుతడు చూడు."

ఆ మనిషి వచ్చి ద్వాలి ఒళ్లోని కాగితాలు తీసి చూశాడు.

"డాక్టరు సంతకముంది, ముద్ర లేదు. గిట్ల పోతె లోపట నిన్ను నిలవడనియ్యరు."

సర్టిఫికెట్ పట్టుకుని చకచకా మెట్లు దిగిపోయాడు.

"అన్నా, ఆగన్నా," అని ద్వాలి కేకేసింది. ఆయన తిరిగి చూడలేదు.

"పోయింది," అంది సవరమ్మ తృప్తిగా. "ఉరుకు, పట్టుకో."

ఉరకగలిగితే ద్వాలి ఇక్కడికెందుకు వస్తుంది?

ఇంటర్వ్యూ మొదలవకముందే ఆయన తిరిగొచ్చాడు. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. ముద్ర ఇంకు ఆరడానికి ఉఫ్ ఉఫ్‌మని ఊదుతున్నాడు.

"దవాఖానాల డాక్టరు స్కూటరెక్కుతుంటె దొరకవట్టిన."

సవరమ్మ మోచేత్తో పొడిచింది. "ఇగ అడుగుతడు."

అడిగించుకోవడమెందుకని ద్వాలే కొంగుముడి విప్పబోయింది.

ఆయన ముడిని చూశాడు. ఆమెను చూశాడు.

"నేను గసుంటోని లెక్క కనవడ్డనా చెల్లె," అని, వరండా చివరికి పోయి రోడ్డు వైపు మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

ఇచ్చేది చాలదన్న కోపమని సవరమ్మ తేల్చింది.

పొద్దుటి బంట్రోతు అన్నానికి పోయాడు. అతని బదులు ఇంకొకడు తలుపు తీసి తల బయట పెట్టాడు.

"తుల్సీరాం."

ఎవరూ లేవలేదు.

"తుల్సీరాం... తుల్సీరాం."

"ఎవరో పాపం," అంది ద్వాలి.

"రాకుంటె రాకపాయె. మనకు మంచిదే," అంది సవరమ్మ.

"రాలేదు సార్," అని లోపలికి చెప్పి, బంట్రోతు ద్వాలిని పిలిచాడు.

ఆఫీసరు కార్డు చూశాడు. ముద్ర మీద వేలు పెట్టి, తడి ఉందేమోనని చూశాడు.

"సీనియారిటీలో మొదటివాడు రాలేదు. రెండో పేరు నీదే. మధిరలో చేస్తావా?"

"ఏడైనా చేస్త సార్."

సంతకం పెట్టించుకుని అధికారులు వెనక మెట్ల మీదుగా భోజనానికి దిగిపోయారు. వాళ్లకు వేరే మెట్లున్నాయి.

"పోస్టు అయిపోయింది, ఇగ అందరు పోండి," అంటూ బంట్రోతు గదికి తాళం వేశాడు. సవరమ్మ కాగితాలు చంకన ఇరికించుకుని మెట్లు దిగింది.

ఆ ముద్ర లేకపోతే ఈ ఉద్యోగం లేదు. ద్వాలి కర్ర టకటకలాడించుకుంటూ వరండా చివరికి వెళ్లింది.

"తప్పయిందన్నా," అంది.

ఆయన తిరగలేదు. ఇంకా అలిగే ఉన్నాడనుకుంది. మెల్లగా భుజం తట్టింది.

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. మొహంలో అలక లేదు. గబగబా చొక్కా సర్దుకుని, జేబులోంచి తన కార్డు తీశాడు.

"పిలిచిండ్రా చెల్లె? తుల్సీరాం అనే గద? బంట్రోతుకు చెప్పిన గాని మరుస్తడేమోనని భయపడ్డ. మంచిగ తట్టినవ్, నాకు చెవులు వినవడవు."